ఇందోర్‌లో కట్టని గుడి, రొమేనియాలో నిలిచిన స్తంభం: శిల్పి బ్రాంకూసి కథ

2024 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ ఢిల్లీలోని భారత్ మండపంలో సమావేశమైంది. ఆ కమిటీ సమావేశాలకు మన దేశం ఆతిథ్యం ఇవ్వడం అదే మొదటిసారి. అస్సాంలోని అహోం రాజవంశీకుల సమాధి దిబ్బలకు, అంటే మొయిదమ్‌లకు వారసత్వ హోదా దక్కడంతో మన దగ్గర చర్చంతా వాటి చుట్టూనే తిరిగింది. అవే సమావేశాల్లో రొమేనియాలోని టర్గూ జియు అనే చిన్న పట్టణంలో ఉన్న శిల్ప సముదాయం కూడా ఆ జాబితాలో చేరింది. ఒక రాతి బల్ల, ఒక రాతి ద్వారం, ఆకాశంలోకి సాగిపోయే ఒక ఇనుప స్తంభం. వాటిని రూపొందించిన శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకూసి.

1937 చివర్లో ఆ స్తంభాన్ని నిలబెట్టిన కొద్ది వారాలకే బ్రాంకూసి మన దేశానికి బయలుదేరారు. ఇందోర్ మహారాజు కోసం ఒక ధ్యాన మందిరం కట్టడం ఆ ప్రయాణం ఉద్దేశం. ఆ మందిరం ఎన్నటికీ లేవలేదు. సొంత ప్రాంతంలో, యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకంగా పారితోషికం తీసుకోకుండా చేసిన పని నిలిచింది. రాజుగారి కోసం తలపెట్టిన పని ఆలోచన దగ్గరే ఆగిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు శిల్పకళను మలుపు తిప్పిన ఈ మనిషి ఏం చేశారో, ఎవరి కోసం చేశారో తెలుసుకోవడానికి ఈ రెండు ఊళ్ల కథ పనికొస్తుంది.

గొర్రెల కాపరి నుంచి పారిస్ దాకా

బ్రాంకూసి 1876 ఫిబ్రవరి 19న కార్పేతియన్ పర్వతాల పాదాల దగ్గరున్న హొబిట్సా అనే పల్లెలో పుట్టారు. అది నైరుతి రొమేనియాలోని గోర్జ్ ప్రాంతం. తల్లిదండ్రులు పేద రైతులు. ఏడేళ్ల వయసుకే ఆయన గొర్రెలు కాయడానికి వెళ్లారు. ఆ వైపు పల్లెల్లో చెక్కుడు పని చాలామందికి వచ్చు. ఇళ్ల ముందరి గేట్లు, వసారా స్తంభాలు, చెంచాలు, శ్మశానంలో గుర్తుగా పాతే కొయ్య స్తంభాలు అన్నిటి మీదా ఉలి పడేది. వజ్రాకారపు గళ్లు, రంపపు పళ్లలాంటి గీతలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే దిమ్మెలు ఆ పిల్లవాడి కళ్లలో అప్పుడే పడ్డాయి. అవి ఆయన్ని చివరిదాకా వదలలేదు.

ఇంట్లో ఇమడలేక చిన్నతనంలోనే పారిపోయారు. తొమ్మిదేళ్లప్పుడు టర్గూ జియులో ఒక అద్దకం పనివాడి దగ్గర చేరారు. ఆ తర్వాత క్రయోవా నగరంలో హోటళ్లలో, దుకాణాల్లో పనిచేశారు. అక్కడ సరుకుల పెట్టె చెక్కలతో ఒక వయొలిన్ తయారు చేశారని, అది చూసినవారు ఈ కుర్రాడి చేతిలో ఏదో ఉందని గుర్తించి చదివించారని చెబుతారు. 1894లో క్రయోవా వృత్తికళల పాఠశాలలో, 1898లో బుకారెస్ట్ లలితకళల పాఠశాలలో చేరారు.

ఆయన తర్వాతి పని చూసి ఇది చేతకానివాళ్ల కళ అనుకునేవారు బుకారెస్ట్ రోజుల నాటి ఒక పనిని గుర్తుపెట్టుకోవాలి. డాక్టర్ దిమిత్రీ గెరోటా అనే శరీరశాస్త్ర నిపుణుడి పర్యవేక్షణలో ఆయన చర్మం ఒలిచిన మనిషి నిలువెత్తు బొమ్మ చేశారు. ప్రతి కండరం, ప్రతి నరం దాని చోట దాన్ని చూపించే బొమ్మ అది. వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి పనికొచ్చేంత కచ్చితంగా ఉండేది. మనిషి శరీరంలో ఏది ఎక్కడుందో అంత క్షుణ్ణంగా తెలిసినవాడే తర్వాత దాన్నంతా ఒక్కొక్కటిగా వదిలేసుకుంటూ వెళ్లాడు. ఎంతో తెలిసి వదిలేయడానికీ, తెలియక వదిలేయడానికీ ఉన్న తేడాలోనే ఆయన పనంతా ఉంది.

1904లో బుకారెస్ట్ వదిలారు. చేతిలో డబ్బుల్లేవు. మ్యూనిక్ మీదుగా పారిస్ చేరిన ఆ ప్రయాణంలో చాలా దూరం కాలినడకనే సాగింది. పారిస్‌లో బతుకుతెరువు కోసం హోటల్లో గిన్నెలు కడిగారు. రొమేనియన్ ఆర్థొడాక్స్ చర్చిలో ప్రార్థనా గీతాలు పాడారు. అవి చేసుకుంటూనే అక్కడి ప్రసిద్ధ లలితకళల విద్యాలయంలో చదివారు.

రోడాన్ నీడ నుంచి బయటికి

ఆ రోజుల్లో ఐరోపా శిల్పమంటే ఆగస్ట్ రోడాన్. 1907లో బ్రాంకూసికి ఆయన స్టూడియోలో సహాయకుడిగా చోటు దొరికింది. ఆ అవకాశం కోసం ఎదురుచూసే యువ శిల్పులు ఎందరో. బ్రాంకూసి మాత్రం నెల, రెండు నెలల్లోనే బయటికి వచ్చేశారు. రోడాన్ మీద కోపం లేదు, గౌరవం ఎప్పుడూ తగ్గలేదు. కానీ మర్రిచెట్టు కింద మరో మొక్క ఎదగదని ఆయనకు అర్థమైంది.

వదిలి వచ్చింది ఒక మనిషిని మాత్రమే కాదు, ఒక పద్ధతిని కూడా. అప్పట్లో పెద్ద శిల్పి బంకమట్టితో నమూనా చేసేవాడు. దాన్ని చూసి కొలతలు తీసుకుని సహాయకులు పాలరాతిలో చెక్కేవారు, లేదా కంచులో పోతపోసేవారు. రాతి మీద శిల్పి చెయ్యి పడకపోయినా శిల్పం అతనిదే. బ్రాంకూసి నమూనా పక్కనపెట్టి నేరుగా రాయి ముందు కూర్చున్నారు. రాయి ఎంత గట్టిదో, దాని చార ఎటు పోతుందో, ఎక్కడ ఉలి దిగుతుందో చూసుకుంటూ చెక్కారు. పల్లెలో కొయ్య చెక్కేవాడి పద్ధతి అదే.

అలా వచ్చిన తొలి శిల్పాల్లో ఒకటి 1907-08 నాటి 'ముద్దు'. రోడాన్‌కీ అదే పేరుతో ఒక ప్రసిద్ధ శిల్పం ఉంది. అందులో స్త్రీపురుషుల శరీరాలు నిజం మనుషుల్లా మెలితిరిగి ఉంటాయి, చర్మం మీద వెలుగు జారుతుంది. బ్రాంకూసి శిల్పంలో ఉన్నది ఒక చదరపు రాయి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు కౌగిలించుకుని ఆ రాయి అంచులు దాటకుండా ఇమిడిపోయారు. మధ్యలో ఒక నిలువు గీత, రెండు కళ్లు కలిసి ఒకే కన్నులా కనిపించే చోటు, చుట్టుకున్న చేతులు. అంతే. ఇద్దరూ ఒకటైపోవడమనే భావాన్ని చెప్పడానికి రాయి రాయిగా మిగిలిపోవడమే సాయపడింది.

ఈ శిల్పానికే మరో రూపం పారిస్‌లోని మోంపర్నాస్ శ్మశానంలో, ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న ఒక రష్యన్ విద్యార్థిని సమాధి మీద ఉంది. వందేళ్ల తర్వాత బ్రాంకూసి శిల్పాల ధరలు కోట్లలోకి వెళ్లడంతో దాన్ని అక్కడి నుంచి తీసుకువెళ్లాలని వారసులు కోర్టుకు వెళ్లారు. శిల్పమూ సమాధీ వేరు కావని, దాన్ని కదపడానికి వీల్లేదని ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం 2021లో తేల్చింది.

తల గుడ్డుగా, పక్షి ఎగురుడుగా

ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో బ్రాంకూసి కొత్త కొత్త విషయాల కోసం వెతకలేదు. ముద్దు, నిద్రపోతున్న తల, పక్షి, చేప, స్తంభం లాంటి కొన్ని అంశాలనే తీసుకుని ఏళ్ల తరబడి వాటి వెంటే నడిచారు. 1910 నాటి 'నిద్రిస్తున్న కళాదేవి'లో మెడ లేదు, భుజాలు లేవు. పక్కకి ఒరిగిన తల ఒక్కటే ఉంది. కళ్లు, ముక్కు, జుట్టు లీలగా తెలుస్తాయి. మరికొన్నేళ్లకు 'శిశువు'లో అవి కూడా దాదాపు చెరిగిపోయి, ఏడవడానికి తెరిచిన నోటి జాడ మాత్రం మిగిలింది. 1920 ప్రాంతానికి 'సృష్టి ఆది'లో ఏ గుర్తూ లేని పాలరాతి గుడ్డు మాత్రమే ఉంది. మూడింటినీ వరుసగా చూస్తే ఒక తల ఎలా మొదలైందో, ఎక్కడికి చేరిందో తెలుస్తుంది.

పక్షి కథ ఇంకా పొడవైనది. 1910లో 'మాయాస్త్ర'తో మొదలుపెట్టారు. రొమేనియా జానపద కథల్లో బంగారు రెక్కలతో, మాయపాటతో వచ్చే పక్షి పేరు అది. తొలి రూపంలో రొమ్ము విరుచుకుని నిలబడ్డ పక్షి స్పష్టంగానే కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లు పోయాయి, రెక్కలు పోయాయి, ముక్కు పోయింది. 1923లో 'బర్డ్ ఇన్ స్పేస్' వచ్చేసరికి మిగిలింది సన్నగా పైకి లేచి కొసన ఏటవాలుగా కోసినట్టుండే ఒక్క వంపు మాత్రమే. పక్షి ఆకారాన్ని వదిలేసి దాని ఎగురుడును పట్టుకోవాలన్నది ఆయన తపన. ఆ ఒక్క రూపాన్నే పాలరాతిలో ఏడు సార్లు, కంచులో తొమ్మిది సార్లు చేశారు. ఒకదానికీ మరొకదానికీ తేడా వంపులో కొద్దిపాటే. ఆ కొద్దిపాటి కోసమే ఏళ్లు పట్టేది.

కంచు విగ్రహం పోత నుంచి బయటికి వచ్చాక అసలు పని మొదలయ్యేది. ఆకురాయితో, తర్వాత మరింత సన్నని గరుకుతో రోజుల తరబడి రుద్ది అద్దంలా మెరిసేదాకా నునుపు చేసేవారు. అంత మెరుగు వచ్చాక లోహం బరువు కంటికి తెలియదు. చుట్టూ ఉన్న గది, ఎదురుగా నిలబడ్డ మనిషి అందులో వంగి కనిపిస్తారు. శిల్పం కింద పీఠాన్ని కూడా ఆయనే చెక్కేవారు. గరుకు కొయ్య మీద రాయి, రాయి మీద మెరిసే లోహం పేర్చేవారు. ఎక్కడ పీఠం ముగిసి శిల్పం మొదలవుతుందో చెప్పడం కష్టం.

ఈ శిల్పాలను అందరూ ఆదరించలేదు. 1913లో అమెరికాలో ఆధునిక కళను పరిచయం చేసిన ఆర్మరీ ప్రదర్శనలో ఆయన శిల్పాలను చూసి జనం నవ్వుకున్నారు. 1920లో పారిస్ ప్రదర్శన నుంచి 'ప్రిన్సెస్ ఎక్స్' అనే శిల్పాన్ని అశ్లీలంగా ఉందంటూ తొలగించారు. తన శిల్పాలను నైరూప్యం అనడం బ్రాంకూసికి అసలు నచ్చేది కాదు. వస్తువు పైతొడుగును కాకుండా దాని లోపలి సారాన్ని చూపించేదే అసలైన వాస్తవికత అన్నది ఆయన వాదన. ముఖం లేని శివలింగం ముందు, బొడ్రాయి ముందు చేతులు జోడించే మనకు ఈ మాట మరీ కొత్తగా ఉండక్కర్లేదు.

పక్షా, వంటపాత్రా?

1926లో ఈ వాదన కోర్టుకెక్కింది. న్యూయార్క్‌లోని బ్రమ్మర్ గ్యాలరీలో ప్రదర్శన కోసం బ్రాంకూసి శిల్పాలు ఓడలో అమెరికా చేరాయి. వాటి వెంట ఉన్నది ఆయన మిత్రుడు, ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డూషాం. అమెరికా చట్టం ప్రకారం కళాఖండాల మీద సుంకం లేదు. కానీ కస్టమ్స్ అధికారులకు 'బర్డ్ ఇన్ స్పేస్' కళాఖండంలా కనిపించలేదు. వంటపాత్రలు, ఆసుపత్రి సామగ్రి ఉండే వర్గంలో చేర్చి, లోహపు సామానుగా 40 శాతం సుంకం వేశారు. ఆ పక్షిని కొనుక్కున్నది ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్. సుంకం కట్టి ఊరుకోకుండా దాన్ని సవాలు చేశారు. న్యాయపోరాటం ఖర్చును సంపన్న కళాపోషకురాలు, స్వయంగా శిల్పి అయిన గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ భరించారు.

కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు చూడటానికి చట్టపరమైనవే. ఇది వృత్తి శిల్పి చేసినదా? మొదటి ప్రతేనా? దీనికి వాడుక ప్రయోజనం ఏమైనా ఉందా? అసలు చిక్కు ఇంకొకటి. ప్రకృతిలో ఉన్నదాన్ని, ముఖ్యంగా మనిషి రూపాన్ని అనుకరించేదే శిల్పమని 1916 నాటి ఒక తీర్పు చెప్పి ఉంది. ఈ పక్షి దేన్ని అనుకరిస్తోంది? న్యాయమూర్తి సాక్షులను అడిగిన ప్రశ్నలూ అలాగే సాగాయి. దీన్ని పక్షి అని ఎందుకంటున్నారు, అడవిలో కనిపిస్తే వేటాడతారా అనేదాకా వెళ్లాయి. శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్ వేల ఏళ్ల నాటి ఈజిప్టు డేగ శిల్పాన్ని తెచ్చి కోర్టుకు చూపించారు. అందులోనూ రెక్కలు, కాళ్లు వివరంగా లేవు, అయినా అది డేగే. ప్రభుత్వం తరఫున వచ్చిన ఇద్దరు శిల్పులు మాత్రం ఇది శిల్పం కాదు, కళా కాదు అని సాక్ష్యం చెప్పారు.

1928 నవంబరులో తీర్పు వచ్చింది. ప్రకృతిని అనుకరించకుండా భావాలను రూపంలో చూపించే కొత్త కళాధోరణి ఒకటి పుట్టిందని, దాన్ని ఇష్టపడినా పడకపోయినా అది ఉందన్న నిజాన్ని గుర్తించక తప్పదని కోర్టు అంగీకరించింది. ఈ వస్తువు చూడటానికి అందంగా ఉంది, వృత్తి శిల్పి స్వయంగా చేసినది, వాడుక వస్తువు కాదు, కాబట్టి సుంకం లేదు అని తేల్చింది. ఏది కళో చెప్పే అధికారం పాత నిర్వచనం చేతుల్లోంచి జారిపోయిన సందర్భం అది. కళకు సంబంధించిన న్యాయచరిత్రలో ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

ఇందోర్ మహారాజు, మూడు పక్షులు

బ్రాంకూసికి ఆసియా ఆధ్యాత్మిక సాహిత్యం మీద ఎప్పటినుంచో ఆసక్తి ఉండేది. టిబెటన్ బౌద్ధ యోగి మిలరేపా జీవితకథ జాక్ బకో చేసిన ఫ్రెంచ్ అనువాదంలో 1925లో వచ్చింది. ఆ పుస్తకం ఆయనకు నిత్యపారాయణ గ్రంథంలా మారింది. ఒక్కొక్క బంధాన్నీ వదిలించుకుంటూ కొండగుహలో మిగిలిన యోగి కథ ఆ శిల్పిని ఎందుకు పట్టుకుందో ఊహించడం కష్టం కాదు.

ఇందోర్ యువ మహారాజు యశ్వంత్ రావ్ హోల్కర్ అప్పట్లో ఐరోపా ఆధునిక కళకు పెద్ద అభిమాని. జర్మన్ వాస్తుశిల్పి ఎకార్ట్ ముథేసియస్ చేత 1930ల ఆరంభంలో ఇందోర్‌లో మాణిక్ బాగ్ అనే ప్యాలెస్ కట్టించారు. శీతల యంత్రాలు, లోహపు ఫర్నిచర్, తిన్నని గీతల గదులతో అది మన సంస్థానాధీశుల కోటల మధ్య వేరే లోకంలా ఉండేది. రచయిత, కళావస్తువుల మధ్యవర్తి అన్రీ పియర్ రోషే ద్వారా మహారాజుకు బ్రాంకూసి పరిచయమయ్యారు. స్టూడియోలో పక్షిని చూసి ముగ్ధుడైన మహారాజు మొదట ఒక కంచు పక్షిని, ఆ తర్వాత నల్లరాతిలో ఒకటి, తెల్లరాతిలో ఒకటి తీసుకున్నారు.

ఆ మూడు పక్షుల కోసం ఒక గుడి కట్టాలన్న ఆలోచన అక్కడ మొలిచింది. తలుపులు, కిటికీలు లేని చిన్న మందిరం. లోపలికి నేలమాళిగ దారిలో వెళ్లాలి. మధ్యలో చదరపు నీటి కొలను, చుట్టూ మూడు పక్షులు. పైకప్పులో ఒక రంధ్రం. ఏడాదిలో ఒక నిర్ణీత వేళ సూర్యకిరణం దాని గుండా సూటిగా బంగారు మెరుపుల కంచు పక్షి మీద పడాలి. కొయ్యతో చెక్కిన మరో పొడవాటి మూర్తిని కూడా బ్రాంకూసి ఆ మందిరానికే అనుకున్నారు. బుద్ధుడి ఆత్మగా ఆయన భావించిన ఆ మూర్తి 'రాజులకు రాజు' అనే పేరుతో ఇప్పుడు న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది.

ఆ కల కోసమే 1937 చివర్లో బయలుదేరి, 1938 మొదటి రోజుల్లో ఆయన ఇందోర్‌లో ఉన్నారు. అప్పటికి పరిస్థితి మారిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే మహారాణి సంయోగితా దేవి చిన్న వయసులో కన్నుమూశారు. మహారాజు మనసు గుడి మీద లేదు. పని మొదలు కాకుండానే బ్రాంకూసి వెనుదిరిగారు. తర్వాత ప్రపంచ యుద్ధం, ఆ వెనకే సంస్థానాల విలీనం. గుడి మాట మరుగున పడిపోయింది.

నలుపు, తెలుపు పక్షులు రెండూ 1970లలో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి కాన్‌బెరాలో ఉన్నాయి. కంచు పక్షి అమెరికాలోని పాసడీనాలో, నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది. మాణిక్ బాగ్ ఫర్నిచర్‌ను 1980లో మొనాకోలో వేలం వేశారు. ఆ ప్యాలెస్ తర్వాత కేంద్ర ఎక్సైజ్, కస్టమ్స్ కార్యాలయమైంది. న్యూయార్క్ కస్టమ్స్ అధికారులు వంటపాత్రల్లో లెక్కగట్టిన పక్షికి సాటి పక్షులు చేరిన ఇంట్లో చివరికి కొలువుదీరింది సుంకాల శాఖే.

అదే ఏడాది, మరో ఊళ్లో

టర్గూ జియు కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 అక్టోబరులో, జర్మన్ సైన్యం ఆ పట్టణం మీదికి వచ్చినప్పుడు జియు నది వంతెన దగ్గర వాళ్లను ఎదిరించినవారిలో సైనికులే కాదు, ఊళ్లోని స్త్రీలు, ముసలివాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం ఏదైనా కట్టాలని అరెతియా తతరెస్కు నాయకత్వంలోని గోర్జ్ మహిళా సంఘం నిర్ణయించింది. తొమ్మిదేళ్లప్పుడు అద్దకం పనికి వచ్చిన కుర్రాడు పారిస్‌లో పేరు మోసిన శిల్పి. ఆయన్నే అడిగారు. బ్రాంకూసి ఒప్పుకున్నారు, పారితోషికం వద్దన్నారు.

ఆయన చేసినదాంట్లో తుపాకీ లేదు, జెండా లేదు, గుర్రమెక్కిన సేనాని లేడు. నది ఒడ్డున గుండ్రటి రాతి బల్ల, దాని చుట్టూ పన్నెండు రాతి పీటలు. ఎవరూ కూర్చోని ఆ భోజనపు బల్ల పేరు 'నిశ్శబ్దపు బల్ల'. అక్కడి నుంచి కొద్ది దూరంలో 'ముద్దు ద్వారం'. 1907 నాటి కౌగిలి అందులో రెండు అర్ధవృత్తాలుగా కుదించుకుపోయి స్తంభాల మీద గుర్తుగా మిగిలింది. అక్కడి నుంచి దారి ఊరి మధ్యగా, చర్చి మీదుగా తిన్నగా సాగి, కిలోమీటరు పైగా నడిచాక 'అంతులేని స్తంభం' దగ్గరికి చేరుతుంది. భోజనం దగ్గర మొదలై, ప్రేమను దాటి, ఆకాశం దాకా పోయే నడక అది.

స్తంభం ఎత్తు 29 మీటర్ల పైచిలుకు. పోత ఇనుముతో చేసిన ఒకే ఆకారపు దిమ్మెలు 15 ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందా పైనా సగం సగం దిమ్మెలు పెట్టారు. ప్రతి దిమ్మె సన్నటిచోట 45 సెంటీమీటర్లు, వెడల్పయినచోట 90, ఎత్తు 180. అంటే ఒకటికి రెండు, రెండుకు నాలుగు. కొసన సగం దిమ్మె దగ్గర ఆగిపోవడం వల్ల స్తంభం ఇంకా పైకి వెళ్తూనే ఉన్నట్టు కంటికి తోస్తుంది. లోపల ఉక్కు వెన్నెముక ఉంది. ఆ లెక్కలు చూసింది ఇంజనీర్ ష్టెఫాన్ జార్జెస్కు గోర్జాన్. గనుల ఊరు పెట్రొషాని కార్ఖానాలో దిమ్మెలను పోతపోసి, పైన ఇత్తడి పూత పూశారు. 1918లో ఓక్ కొయ్యతో చేసిన మనిషెత్తు స్తంభంతో మొదలైన ఆలోచన ఇరవై ఏళ్లకు ఇక్కడికి చేరింది. హొబిట్సా వసారా స్తంభాలను, శ్మశానపు కొయ్యలను తెలిసినవారికి దాని వేరు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. 1938 అక్టోబరు 27న ఈ సముదాయాన్ని ప్రారంభించారు.

కొన్నేళ్లకే రొమేనియాలో ప్రభుత్వం మారింది. కమ్యూనిస్టు పాలకుల దృష్టిలో ఈ కళ బూర్జువా విలాసం. 1950లలో స్థానిక అధికారులు స్తంభాన్ని పడగొట్టించడానికి ప్రయత్నించారు. గొలుసులు కట్టి లాగినా అది ఒరగలేదు.

చివరి రోజులు, మిగిలిన వారసత్వం

బ్రాంకూసి పారిస్‌లో ఇంపాస్ రోన్సాన్ అనే సందులోని స్టూడియోలో నలభై ఏళ్లు గడిపారు. తెల్లబట్టలు, తెల్లగడ్డం, తెల్ల కుక్క. స్వయంగా కట్టుకున్న పొయ్యి మీద వచ్చినవాళ్లకు వండిపెట్టేవారు. శిల్పాలు ఏ వెలుగులో ఎలా కనిపించాలో వేరేవాళ్లకు తెలియదని ఫొటోలు కూడా తనే తీసేవారు. వయసు మీద పడ్డాక కొత్త శిల్పాలు చేయడం తగ్గించి, ఉన్నవాటిని గదిలో అటూ ఇటూ జరుపుతూ ఒకదాని పక్కన మరొకటి సరిగ్గా అమిరేలా చూసుకోవడమే పనిగా పెట్టుకున్నారు. ఒకటి అమ్ముడుపోతే ఆ చోటు ఖాళీగా ఉంచలేక ప్లాస్టర్ నకలు పెట్టేవారు.

1952లో ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకున్నారు. ఆ సందును కూల్చేయబోతున్నారని తెలిశాక, స్టూడియోను ఉన్నదున్నట్టు తిరిగి నిలబెట్టాలన్న షరతుతో 1956లో తన పనినంతా ఫ్రాన్స్ ప్రభుత్వానికి రాసిచ్చారు. 1957 మార్చి 16న, 81వ ఏట కన్నుమూశారు. తన 'ముద్దు' ఉన్న మోంపర్నాస్ శ్మశానంలోనే ఆయన సమాధి కూడా ఉంది. స్టూడియోను తర్వాత పారిస్‌లోని పాంపిడూ కేంద్రం ఎదుట పునర్నిర్మించారు.

ఆయన పోయిన కొన్నేళ్లకే అమెరికాలో మినిమలిజం అనే ధోరణి వచ్చింది. ఆ తరం శిల్పుల్లో చాలామంది తమ వంశవృక్షంలో బ్రాంకూసిని చూసుకున్నారు. రాబర్ట్ మోరిస్ ఆయన మీద పరిశోధన వ్యాసం రాశారు. డాన్ ఫ్లావిన్ ఒక ట్యూబ్‌లైటును గోడ మీద ఏటవాలుగా పెట్టి ఆయనకు అంకితమిచ్చారు. అంతులేని స్తంభాన్ని నేలమీద పడుకోబెట్టినట్టు కార్ల్ ఆండ్రే ఇటుకలను వరుసగా పేర్చారు. రిచర్డ్ సెరా యువకుడిగా పారిస్‌లో ఉన్నప్పుడు ఆయన స్టూడియోకు రోజూ వెళ్లి బొమ్మలు గీసుకునేవారు. 1927లో కొన్ని నెలలు బ్రాంకూసి దగ్గర పనిచేసిన జపనీస్ అమెరికన్ ఇసాము నొగుచి తర్వాత మన దేశానికి వచ్చి ఢిల్లీ, జైపూర్‌లలోని జంతర్ మంతర్‌లను ఫొటోలు తీసుకున్నారు.

అయితే ఆ తరం తీసుకున్నది ఎక్కువగా రూపాన్ని. ఒకే ఆకారాన్ని మళ్లీ మళ్లీ పేర్చడం, పీఠం తీసేయడం, ఫ్యాక్టరీలో చేయించడం వారి దారి. చేతిలో ఆకురాయి పట్టుకుని నెలల తరబడి రుద్దిన పల్లెటూరి పనివాడు ఆ దారిలో కనిపించడు. బ్రాంకూసికి సరళత ఒక ఫ్యాషన్ కాదు, మొదట పెట్టుకున్న లక్ష్యమూ కాదు. వస్తువు అసలు స్వభావానికి దగ్గరవుతూ పోతే చివరికి అక్కడ దొరికేది సరళతే అని ఆయన నమ్మారు.

2026తో ఆయన పుట్టి నూట యాభై ఏళ్లు. ఆయన శిల్పాల్లో ఒకటి 2018 వేలంలో 7 కోట్ల 10 లక్షల డాలర్లు పలికింది. ఇందోర్ పక్షులను చూడాలంటే ఇప్పుడు మనం రెండు ఖండాలు తిరగాలి. టర్గూ జియులో మాత్రం, యుద్ధంలో పోయిన తమవాళ్ల కోసం ఊరి ఆడవాళ్లు అడిగితే ఆయన ఊరికే చేసి ఇచ్చిన స్తంభం ఊరి పార్కులో నిలబడి ఉంది. దారినపోయే ఎవరైనా దాని కిందికి వెళ్లి, తలెత్తి చూడొచ్చు.